అత్తమ్మ కాళ్లు ఆనే బల్ల

పోయినేడు ఆగస్టులో అత్తమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజు డాక్టర్ గారు చెప్పిన జాగ్రత్తల్లో మొదటిది, ఇక కింద కూర్చోవద్దని. మా ఇంట్లో అప్పటిదాకా భోజనాలు కిందనే. హాల్లో చాప పరిచి, గిన్నెలు మధ్యలో పెట్టుకుని, అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, పిల్లలిద్దరు చుట్టూ కూర్చునేవాళ్లం. ఆపరేషన్ తర్వాత అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో కంచం పెట్టుకుని తినాల్సి వచ్చింది. మేం కింద, ఆమె పైన. మారు వడ్డించాలంటే ఎవరో ఒకరు లేవాలి. రెండు వారాలు గడిచాయో లేదో, "మీరు తినండమ్మా, నాకిప్పుడు ఆకలిగా లేదు" అనడం మొదలుపెట్టారు. అందరం తిన్నాక ఒక్కరే వంటింటి గుమ్మం పక్కన కూర్చుని తినేవారు.

నలభై ఏళ్లు ఇంటిల్లిపాదికీ వడ్డించిన మనిషి అలా ఒంటరిగా తింటుంటే నాకు ముద్ద దిగేది కాదు. డైనింగ్ టేబుల్ కొందామని మా ఆయనతో ఆ నెలలోనే అన్నాను. సంక్రాంతి లోపల ఇంట్లో ఉండాలని ఇద్దరం అనుకున్నాం.

మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు ఫ్లాట్. హాలు పెద్దదేం కాదు. ఎంత టేబుల్ పడుతుందో తెలియక నేనూ మా ఆయనా టేపు పట్టుకుని కిందామీదా పడుతుంటే, అత్తమ్మ ముగ్గుపిండి డబ్బా తెమ్మన్నారు. ఆమె చెబుతుంటే మా పాప నేల మీద గీసింది. ముందు ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పుతో ఒక దీర్ఘచతురస్రం. దాని చుట్టూ కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి రెండున్నర అడుగుల జాగా వదిలి ఇంకో గీత. మామయ్య ఆ గీతల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని, లేచి, బాల్కనీ తలుపు తీసి చూశారు. తలుపు తెరుచుకుంది. ఫ్రిజ్ తలుపూ తెరుచుకుంది. ఆ ముగ్గు రెండు రోజులు ఊడ్వకుండా ఉంచాం. మూడో రోజుకి అందరి కాళ్లూ ఆ గీతలు తప్పించుకుని నడవడం నేర్చుకున్నాయి. అప్పుడు నమ్మకం కలిగింది, ఈ సైజు పడుతుందని.

అంత జాగ్రత్తగా కొలిచిన మేం మెట్లు కొలవలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

దీపావళి దాటాక వచ్చిన మొదటి ఆదివారం ఆరుగురం బయల్దేరాం. అత్తమ్మ వాకర్ వదిలి చేతికర్ర దాకా వచ్చారు అప్పటికి. రానంటే నేనే పట్టుబట్టాను. కూర్చోవాల్సింది ఆమె కాబట్టి కూర్చుని చూడాల్సిందీ ఆమే.

మొదటి షోరూంలో గాజు పలక టేబుల్ చూపించారు. పిల్లలకు బాగా నచ్చింది. అత్తమ్మ దాని మీద చెయ్యి వేసి వెంటనే తీసేశారు. వేడి గిన్నె పెట్టాలంటే భయమేస్తుందన్నారు. రెండో చోట పాలరాయి పలక. అందంగా ఉంది కానీ, పులుసూ నిమ్మకాయా పడితే మరక పోదని అక్కడి అబ్బాయే ఒప్పుకున్నాడు. నిజం చెప్పినందుకు ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పి వచ్చాం.

మూడో షాపులో జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడ "సాలిడ్ టేక్" అని బోర్డు పెట్టిన ఆరు కుర్చీల సెట్ ఉంది. రంగు, మెరుపు చూస్తే చాలు కొనేయాలనిపిస్తుంది. రేటు చెప్పి, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరు అన్నారు. మా ఆయన కార్డు తియ్యబోతుంటే మామయ్య ఆగమన్నారు. ఆయన ఊళ్లో పొలం గట్ల మీద టేకు మొక్కలు పెట్టి పెంచిన మనిషి. ఆ వయసులో టేబుల్ కిందికి వంగి, ఫోన్ లైటు వేసి చూశారు. నన్నూ వంగి చూడమన్నారు.

పైన కనిపించే టేకు గీతలు పలక అంచు దగ్గర టక్కున ఆగిపోయాయి. అసలైన పలకైతే పైనున్న గీత అంచు మీదుగా దిగి, అడుగున ఏదో ఒక రూపంలో కనబడాలి. ఇక్కడ అంచుకి వేరే పట్టీ అతికించి ఉంది. అడుగున పాలిష్ లేని చోట గోధుమరంగు అట్టలాంటిది కనబడింది, చెక్కను సన్నటి నారగా చేసి జిగురుతో వత్తి చేసే ఎండీఎఫ్. దాని మీద కాగితమంత పల్చటి టేకు పొర. కాళ్లేమో రబ్బరు చెట్టు కర్ర, టేకు రంగు పూసినవి. రబ్బరు కర్ర చెడ్డదని కాదు. పాలు ఇవ్వడం తగ్గిపోయిన చెట్లను కొట్టి చేస్తారు, లోపల పెట్టుకునే సామానుకు చక్కగా పనికొస్తుంది. రబ్బరు కర్ర అని చెప్పి రబ్బరు కర్ర ధరకే అమ్మితే మేమూ కొనేవాళ్లమేమో. టేకని చెప్పి టేకు ధర అడగడమే బాధనిపించింది. మామయ్య గొడవేం పెట్టుకోలేదు. "బాబూ, బిల్లు మీద పలక ఏ చెక్కో, కాళ్లు ఏ చెక్కో రాసిస్తావా?" అని అడిగారు. అలా రాయడం కుదరదన్నారు. బయటికి వచ్చేశాం.

ఇంకో సమస్య కూడా ఆ షాపులోనే తెలిసింది. అత్తమ్మ నాలుగడుగుల పది అంగుళాలుంటారు. ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్లు నేలకు ఆనట్లేదు. మడమలు రెండు మూడు అంగుళాలు గాల్లో ఉంటున్నాయి. కుర్చీలన్నీ 18 అంగుళాల ఎత్తు, టేబుళ్లన్నీ 30 అంగుళాలు. మామూలు మనుషులకు ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. పొట్టి కుర్చీ చూద్దామంటే ఫిజియోథెరపీ అమ్మాయి వద్దంది. సీటు కిందికి ఉంటే లేచేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడుతుందట, పక్కన చేతులు ఆనించే పట్టెలున్న కుర్చీ కావాలట. అంటే సీటు ఎత్తుగా ఉండాలి, కాళ్లు మాత్రం ఆనాలి. షాపులో ఉన్న ఏ సెట్టులోనూ ఆ రెండూ కలిసి లేవు.

మధ్యాహ్నం రెండయింది. పిల్లలు ఆకలంటున్నారు, అత్తమ్మ మొహంలో నీరసం. "మీకెందుకమ్మా ఇంత ఖర్చు, ప్లాస్టిక్ కుర్చీ బాగానే ఉంది" అన్నారు. ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తిని కాస్త కుదుటపడ్డాక మామయ్య ముషీరాబాద్ వైపు వెళ్దామన్నారు. అక్కడ కలప డిపోలున్నాయి, వాటి చుట్టుపక్కల వడ్రంగి షెడ్లున్నాయి. రెండు మూడు షెడ్లు తిరిగాక ఒక పెద్దాయన దగ్గర ఆగాం. రేకుల షెడ్డు, నేలంతా చిత్రికపొట్టు, గోడకు ఆనించి ఆరబెట్టిన చెక్కలు. లోపలికి అడుగు పెట్టగానే టేకు వాసన. కొంచెం నూనె, కొంచెం తోలు కలిసినట్టుండే ఆ ఘాటు వాసన షోరూముల్లో ఎక్కడా రాలేదు.

పెద్దాయన మమ్మల్నెవర్నీ అడగలేదు, నేరుగా అత్తమ్మను అడిగారు. "అమ్మా, మీకోసమేనా?" అని స్టూలు తుడిచి కూర్చోబెట్టారు. కాళ్లు ఆనడం లేదని చూసి, పక్కనున్న చెక్కముక్క ఒకటి పాదాల కింద పెట్టారు. "ఇట్ల బాగుందా?" అంటే ఆమె కొంచెం ఎత్తయిందన్నారు. అది తీసి పల్చటిది పెట్టారు. ఇంకొకటి. నాలుగోది పెట్టాక అత్తమ్మ భుజాలు సడలాయి. "ఇదీ" అన్నారు. పెద్దాయన టేపు కూడా పెట్టలేదు, ఆ చెక్కముక్క మీద పెన్సిల్‌తో పెద్ద టిక్కు కొట్టి చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నారు.

ఆయన చెప్పిన ఉపాయం ఇది. కుర్చీ అందరిదీ 18 అంగుళాలే ఉంచుదాం. టేబుల్ కాళ్ల మధ్యలో, అత్తమ్మ కూర్చునే వైపు, నేలకు కొంచెం పైన ఒక అడ్డపట్టె వేద్దాం, కాళ్లు దాని మీద ఆనతాయి. రెండో వైపు కూడా అలాంటి పట్టే వేస్తే టేబుల్ ఊగదు. అత్తమ్మకూ మామయ్యకూ చేతులున్న కుర్చీలు, మిగతా నాలుగూ మామూలువి. చేతులున్న కుర్చీ టేబుల్ కిందికి దూరాలంటే దాని చేతుల ఎత్తు 25 అంగుళాలు దాటకూడదని కూడా ఆయనే చెప్పారు. నాకెప్పుడూ తట్టని విషయం. ఎవరైనా అలాంటి కుర్చీలు కొంటుంటే తప్పక చూసుకోండి, లేకపోతే కుర్చీ ఎప్పుడూ హాలు మధ్యలోకే ఉంటుంది.

చెక్క చూపించమంటే మామయ్యను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. ముదురు బంగారు రంగులో ఉన్నది చేవ, అంచుల్లో పాలిపోయినట్టున్నది తెల్ల. పురుగు పట్టేది ఆ తెల్లకే. తెల్ల మొత్తం కోసేసి చేవ మాత్రమే వాడతానన్నారు. చెక్క, మజూరి, పాలిష్ అన్నీ కలిపి 82,000 అయింది. షోరూం సెట్టు కంటే ఎక్కువే. సగం అడ్వాన్స్ ఇచ్చి, ఏ చెక్కో, ఎన్ని కుర్చీలో, ఏ కొలతో, ఎప్పటికి ఇస్తారో కాగితం మీద రాయించుకున్నాం. ఆయన అడక్కుండానే సంతకం పెట్టారు.

అలా డిసెంబర్ ఆఖరి దాకా ఆగాం. మధ్యలో మామయ్య నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చారు. వెళ్లిన ప్రతిసారీ జేబులో చిన్న టేకు చెక్కముక్క తెచ్చి పిల్లలకు వాసన చూపించేవారు.

జనవరి మొదటి శనివారం టేబుల్ రెడీ అన్నారు. పెద్దాయన తనకు తెలిసిన ట్రాలీని పంపుతానన్నారు గానీ, ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని మేమే ఫోన్‌లో ట్రాలీ బుక్ చేసుకున్నాం. అక్కడ పొరపాటు పడ్డాం. బుక్ చేసిన కిరాయి బండికీ డ్రైవర్‌కే, ఎక్కించే దించే మనుషులకు కాదు. వచ్చిన డ్రైవర్ సామాను చూసి, చెప్పిన దాని మీద ఇంకో 600 ఇస్తేనే కదులుతానన్నాడు. గంట పోయింది. చివరికి 300కి ఒప్పుకున్నాడు. ఇద్దరు హమాలీలను అడ్డా మీద మాట్లాడుకుని, మనిషికి 800 ఇచ్చాం. వాళ్లు మాత్రం సామానును సొంత సామానులా చూసుకున్నారు. ట్రాలీలో ముందు పాత బొంత పరిచి, టేబుల్‌ను తలకిందులుగా పెట్టారు. తాడు చెక్కను ఒరుసుకోకుండా ప్రతి మూల దగ్గరా మడిచిన గోనెసంచి పెట్టి కట్టారు. కుర్చీలు ఒకదాన్లో ఒకటి బోర్లించి పైన పెట్టారు. నేను ఇంట్లోంచి తెచ్చిన పాత దుప్పట్లు నాలుగూ ఖర్చయిపోయాయి.

చిలకలగూడ దాటి ఆలుగడ్డబావి రైల్వే బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. మేం స్కూటర్ మీద ట్రాలీ వెనకే ఉన్నాం. పైకి లేచిన నాలుగు కాళ్లకూ దుప్పటి చుట్టి ఉంది. పక్కన బస్సు రాసుకుంటూ వెళ్తుంటే నా ప్రాణం చేతిలో పట్టుకున్నట్టుంది. మెట్టుగూడ దాటాక గానీ ఊపిరి తీసుకోలేదు. అపార్ట్‌మెంట్ చేరేసరికి సాయంత్రం ఐదున్నర.

కుర్చీలు రెండేసి చొప్పున లిఫ్టులో వెళ్లిపోయాయి. అది ఆరుగురు పట్టే చిన్న లిఫ్టు. టేబుల్ దాని ముఖం కూడా చూడలేదు. మెట్ల మీదుగా మొదటి మలుపు దాకా తీసుకెళ్లారు. అక్కడ ఆగిపోయింది.

మా మెట్ల వెడల్పు మూడున్నర అడుగులు. టేబుల్‌ను పక్కకు తిప్పి నిలబెడితే కాళ్లతో కలిపి మందం రెండున్నర అడుగులు, పొడవు ఆరు. నేరుగా ఉన్నంతసేపు వెళ్లింది, మలుపు దగ్గర ముందు కాళ్లు గోడకు తగులుతున్నాయి, వెనక అంచు గ్రిల్లుకు తగులుతోంది. రెయిలింగ్ పైనుంచి ఎత్తుదామంటే పిల్లలు పడకుండా మెట్ల మధ్యలో పైదాకా ఇనుప గ్రిల్లు వేయించాం, రెండేళ్ల కిందట. హమాలీలు నిలువుగా పెట్టి చూశారు, తలకిందులుగా చూశారు. మూడోసారి ఒక కాలు గోడకు గీసుకుని కర్ర చివర బొటనవేలి గోరంత పెచ్చు లేచింది. ఆ చప్పుడు విని మామయ్య "చాలు, దింపండి" అన్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

కాళ్లు కోసి మళ్లీ అతికిద్దామని ఒకరు, బాల్కనీ మీదుగా తాళ్లతో లాగుదామని ఒకరు. మా బాల్కనీ ముందు కరెంటు తీగలున్నాయి, ఆ మాట ఎత్తొద్దన్నాను. మా ఆయన పెద్దాయనకు ఫోన్ చేశారు. ఆయన అంతా విని, "కోయకండి, గుంజకండి. పొద్దున నేనొస్త" అని పెట్టేశారు.

ఆ రాత్రి టేబుల్ సెల్లార్‌లోనే ఉంది. మా వాచ్‌మెన్ వాళ్ల ఆవిడ తన గది పక్కన జాగా చేసి, పైన టార్పాలిన్ కప్పింది. పదింటికి మామయ్య కనబడకపోతే కిందికి వెళ్లి చూశాను. దుప్పటి సర్ది, చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు. "మంచు పడుతుందేమోనని" అన్నారు.

ఆదివారం ఎనిమిదింటికల్లా పెద్దాయన సంచి భుజాన వేసుకుని వచ్చారు. టేబుల్‌ను బొంత మీద బోర్లించమన్నారు. పలక అడుగున చిన్న చిన్న చెక్క బిళ్లలున్నాయి, నేనసలు గమనించనే లేదు. వాటిని పక్కకు తిప్పారు. పలక వదులయింది, ఇద్దరు పట్టుకుని పక్కన పెట్టేశారు. "వానాకాలం పలక అడ్డంగ ఉబ్బుతది, ఎండకు తగ్గుతది. జిగురు పెట్టి బిగిస్తే పగులుతది. అందుకే బిళ్లలు" అన్నారు.

తర్వాత కాళ్లు. ప్రతి కాలికీ, పట్టె వచ్చి దిగే చోట, పక్కన గుండ్రటి మచ్చ ఉంది. కొంచెం ముదురు రంగులో, పాత అర్ధరూపాయి బిళ్ల కంటే చిన్నది. డిజైన్ అనుకున్నాను. అవి చెక్క చీలలు. పట్టె చివరను సన్నగా చెక్కి కాలికి తొలిచిన బెజ్జంలో దింపి, అడ్డంగా ఆ చీల కొట్టారు. పొడవు పట్టెలకు జిగురు పెట్టనేలేదు, చీలే పట్టుకుంటుంది. ఆయన సన్నటి కర్రముక్కను చీల చివర ఆనించి, కొయ్యసుత్తితో మెల్లగా కొట్టారు. టక్, టక్. మొదట కదల్లేదు. నాలుగో దెబ్బకు అవతలి వైపు చీల చిగురులా పైకి వచ్చింది. వేళ్లతో పట్టుకుని లాగి మా బాబు అరచేతిలో పెట్టారు. "భద్రం బిడ్డా" అన్నారు. ఒక్కొక్కటే తీస్తుంటే వాడు లెక్కపెట్టాడు, ఎనిమిది. పైన పట్టెలకు నాలుగు, కింద కాళ్లు ఆనే పట్టెలకు నాలుగు.

గంటలో టేబుల్ అయిదు భాగాలయింది. రెండు వైపుల కాళ్ల జతలు, పలక, పొడవు పట్టెల కట్టలు రెండు. పలక నిలువుగా మలుపు దగ్గర నున్నగా తిరిగింది. పట్టెలు మామయ్యే మోసుకెళ్లారు, ఇవ్వమన్నా ఇవ్వలేదు.

పైన, ముగ్గు గీసిన చోటే బిగించారు. పాత చీలలు మళ్లీ కొట్టలేదు. సంచిలోంచి కొత్తవి తీశారు, వెంట్రుకవాసి లావు. "ఒకసారి తీసిన చీల మళ్ల పట్టది" అన్నారు. పెచ్చు లేచిన చోట సానకాగితం రుద్ది, గుడ్డతో పాలిష్ అద్దారు. వెతికితే తప్ప కనబడదు. డబ్బులివ్వబోతే స్కూటర్ పెట్రోలుకని 200 తీసుకుని మిగతాది వెనక్కిచ్చారు. భోజనానికి ఉండమంటే మాత్రం కాదనలేదు.

ఆ మధ్యాహ్నం ముద్దపప్పు, వంకాయ కూర, చారు. అత్తమ్మ తన కుర్చీలో కూర్చుని ముందు టేబుల్ కింద కాళ్లతో వెతికారు. పట్టె దొరికింది. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. "గిన్నె ఇటు జరుపమ్మా" అని పప్పు గరిటె ఆమే అందుకుని, మొదట పెద్దాయనకు వడ్డించారు.

సంక్రాంతి వెళ్లి నెలలయింది. అత్తమ్మ వైపు పట్టె మీద, పాదాలుండే చోట, పాలిష్ అప్పుడే కొంచెం మాసింది. మళ్లీ వేయిద్దామా అంటే వద్దన్నారు. తీసిన చీలలు ఎనిమిదీ మా బాబు జామెట్రీ బాక్సులో ఉన్నాయి.